వెర్నా గాజుగిన్నె

జ్ఞానప్రసూనది శ్రీకాళహస్తి. అమ్మవారి పేరే పెట్టారు. అక్కడ వెలసింది వాయులింగం. గర్భగుడిలోకి గాలి చొరబడే సందు లేకపోయినా దీపం రెపరెపలాడుతూనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో పుట్టిన మనిషికి గాలంటే లెక్క ఉండకూడదు కదా! కానీ 2006 మార్చిలో, కాన్సస్ రాష్ట్రం పడమటి కొసన, హాస్పిటల్ వాళ్ళు అద్దెకిచ్చిన చెక్క ఇంటి ముందు కారు దిగీ దిగగానే మెడలోని చున్నీ ఎగిరిపోయింది. ముళ్ళకంచె మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ లేచి, కనుచూపు మేరా పరుచుకున్న ఎండుగడ్డి మీద దొర్లుకుంటూ వెళ్ళిపోయింది. ప్రసూనకి ఏడుపొచ్చింది. చున్నీ పోయినందుకు కాదు. దాన్ని ఆపడానికి అంత నేలలో ఒక్క చెట్టయినా లేనందుకు.

"ఏమండీ, ఈడ మనుషులు ఏడుంటారండీ?" అంది.

"వెనకాల ఊరుందిగా. మనది లాస్ట్ హౌస్, అంతే," అన్నాడు రాధాకృష్ణ, పెట్టెలు దించుతూ. "మూడేళ్ళు ప్రసూనా. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. వెయివర్ పూర్తయితే మన ఇష్టం వచ్చిన చోటుకి పోవచ్చు."

డాక్టర్లు దొరకని ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తే వీసా చిక్కు తీరుతుంది. అందుకే వచ్చారు. కళ్ళు మూసుకోమని చెప్పి ఆయన హాస్పిటల్‌కి వెళ్ళిపోయాడు, కళ్ళు తెరుచుకుని కూర్చోవలసింది ఈవిడ. జిల్లా అంతటికీ ఉన్న ఇద్దరు డాక్టర్లలో ఆయనొకడు. తెల్లవారకముందే వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చి, అన్నం ముందు కూర్చుని కునుకుతూ ఉండేవాడు. ఆయన్ని మాత్రం ఏమనగలం?

అంతకుముందు వాళ్ళు మనవాళ్ళు ఎక్కువగా ఉండే పార్సిప్పనీలో ఉన్నారు. అక్కడ అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడితే ఏ ఇంట్లో ఏ తిరగమోత వేశారో చెప్పొచ్చు. కరివేపాకు నిండుకుంటే ఎదురింటి రేణు తలుపు కొట్టడమే. ఇక్కడ తిరగమోత వేస్తే వాసన గుమ్మం దాటేలోపే గాలి ఎత్తుకుపోతోంది. ప్రసూనకి డ్రైవింగ్ రాదు. డిపెండెంట్ వీసా కాబట్టి ఉద్యోగం చేయడానికి లేదు. పగలంతా కిటికీ దగ్గర కూర్చుంటే గడ్డి ఒకవైపు వాలుతుంది, లేస్తుంది, మళ్ళీ వాలుతుంది. ఆ గడ్డి అవతల, చాలా దూరంలో, ఒకే ఒక్క ఇల్లు. వాళ్ళింటి నుంచి ఆ ఇంటిదాకా ముళ్ళకంచె తిన్నగా వెళ్ళింది.

వచ్చిన వారంలోనే ఆ ఇంటి మనిషి వచ్చింది. పాత పికప్ ట్రక్ దిగి, మగవాళ్ళ కోటు వేసుకుని, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టుతో, డెబ్భై దాటిన ఒక పొడుగాటి ఆవిడ గుమ్మంలో నిలబడింది. చేతుల్లో ఫాయిల్ కప్పిన గాజుగిన్నె.

"నా పేరు వెర్నా. డాక్టర్ గారి భార్య మాంసం తినదని హాస్పిటల్‌లో చెప్పారు. ఇందులో ఆపిల్స్, వెన్న, పంచదార, అంతే," అంది, ఈ పిల్లకి అర్థం కావాలని ఒక్కో ఇంగ్లీషు మాటా ఆపి ఆపి. "గిన్నె ఎప్పుడు వీలైతే అప్పుడు తెచ్చివ్వు. తొందరేం లేదు. అదిగో, కనిపించేదే మా ఇల్లు."

ప్రసూన గిన్నె అందుకుంది. థాంక్యూ అంది. లోపలికి రమ్మనాలని నోటిదాకా వచ్చింది. కానీ తల దువ్వుకోలేదు, నైటీ మీద స్వెటర్ వేసుకుని ఉంది, ఇల్లంతా అట్టపెట్టెలు. పైగా ఇంగ్లీషు గొంతులో అడ్డం పడింది. వెర్నా మెట్టు మీద ఒక్క నిమిషం నిలబడి, గడ్డివైపు చూసి, "గాలికి అలవాటు పడతావులే" అని వెళ్ళిపోయింది.

ఆ తీపి ఎంత బాగుందంటే, ఇద్దరూ పోటీపడి రెండు రోజుల్లో గిన్నె నాకేశారు. కడిగి బోర్లిస్తే అడుగున అంటించిన తెల్ల టేపు కనిపించింది. దాని మీద నీలం ఇంకుతో వెర్నా అని పేరు. ఇక్కడ ఎవరింటికి ఏం పంపినా గిన్నె అడుగున పేరు రాసి పంపుతారట. ఎవరి గిన్నె వాళ్ళకి చేరాలి కదా.

మామూలుగా ఆలోచిస్తే సంగతి అక్కడితో అయిపోవాలి. కంచె పట్టుకుని నడిచి వెళ్ళి గిన్నె ఇచ్చి రావడమే. కానీ మనవాళ్ళ ఇళ్ళలో పెరిగిన పిల్ల ఖాళీ గిన్నె తిరిగి ఇస్తుందా? ప్రసూన వాళ్ళ అవ్వ, ఇంట్లో ఏమీ లేని రోజున కూడా పక్కింటి గిన్నెలో గుప్పెడు చక్కెరైనా పోసి పంపేది. "ఖాళీది పంపిస్తే మనింట్లో ఏమీ లేదని ఊరంతా దండోరా వేసినట్టే కదే!" అనేది. ఆ మాట ప్రసూన ఒంటికి పట్టేసింది. ఇంకెవరైనా చెప్పి మార్పించే పని కాదు.

సరే, గిన్నెలో పెట్టడానికేముంది? మొదట చక్కెర పొంగలి అనుకుంది. చేద్దామని పెసరపప్పు వేయిస్తుంటే రాధాకృష్ణ అన్నాడు, "వాళ్ళు అవి తింటారంటావా? మొన్న మా నర్స్‌కి మన లడ్డు ఇస్తే టిష్యూలో ఉమ్మేసి, వెరీ ఇంట్రెస్టింగ్ అంది." ఆ ఒక్క మాటతో పొంగలి మూలపడింది. పులిహోర చేద్దామంటే చింతపండు అయిపోయింది. ఇండియన్ షాప్ కావాలంటే డెన్వర్‌దాకా పోవాలి, పోయి రావడానికి ఒక రోజు. రేణు పార్సిల్ పంపేసరికి మే నెల వచ్చింది. అప్పుడు మైసూర్‌పాక్ చేసింది. అది గోడకి మేకు కొట్టుకోవడానికి పనికొచ్చేలా తయారైంది. దాన్ని చూసి చాలా రోజుల తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వాక ప్రసూన గిన్నె కడిగి ఫ్రిజ్ మీద పెట్టింది, "ఈ ఆదివారం మంచిది ఏదైనా చేసి ఇస్తా" అనుకుంటూ.

ఆదివారాలకేం, వస్తాయి, పోతాయి.

ఇలాంటివి ఆలస్యం అయ్యేకొద్దీ బరువెక్కుతాయి. వారంలో ఇస్తే గుప్పెడు చక్కెర చాలు. రెండు నెలలు ఉంచుకుంటే దానికి తగ్గట్టు ఉండొద్దూ? ఎంత ఆలస్యమైతే అంత ఘనంగా నింపాలి, నింపడానికి ఏదీ నచ్చదు, అంచేత ఇంకా ఆలస్యం. వెర్నా ట్రక్ రోడ్డు మీద వినిపిస్తే ప్రసూన పరదా వెనక్కి తప్పుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో వెర్నా వీళ్ళింటి ముందు బండి కాస్త నెమ్మది చేసి, స్టీరింగ్ మీంచి ఒక్క వేలు పైకెత్తేది. ఆ ఊరివాళ్ళ పలకరింపు అదే, ఎదురుపడ్డ ప్రతి బండికీ ఒక వేలు. ఒకసారి రాధాకృష్ణతో సరుకులకు వెళ్ళినప్పుడు షాపులో వెర్నా కనబడింది. డాక్టర్ గారి భార్య, ఎంఏ చదివిన మనిషి, పోయి బ్రెడ్ల అర వెనకాల నక్కింది! సాక్సు మీద తొడుక్కున్న చెప్పులు అర కింద నుంచి కనిపిస్తూనే ఉన్నాయి. అటువంటి పాదాలు ఆ జిల్లా మొత్తంలో ఇంకెవరికున్నాయి? వెర్నా అటు ఒక్కసారి చూసి, కొనవలసినవి కొనకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ట్రక్ వాళ్ళింటి ముందు నెమ్మదించడం మానేసింది.

ప్రసూనకి అది తెలిసింది. ఆ దారిన పోయే బండి అదొక్కటే, తెలియకుండా ఎలా ఉంటుంది? వేసవి అయిపోయి గడ్డి ఎర్రబడింది. పొద్దున్నే వంట అయిపోయాక ఇక మాట్లాడ్డానికి ఎవరూ లేక, కుక్కర్ విజిల్ వేస్తే "వస్తున్నానమ్మా" అని జవాబు చెప్పేది. రేణు ఫోన్ చేసి, "ఆడ నువ్వొక్కదానివే ఏం జేస్తున్నవే? మేం ఫ్రిస్కోకి షిఫ్ట్ అయితున్నం. జల్ది ఆడికి వచ్చేయుండ్రి, మొత్తం మనోళ్ళే" అంది. ఫోన్ పెట్టాక ప్రసూన కిటికీలోంచి ఆ దూరపు ఇంటివైపు చూసింది. ఈ నేల మీద తనని వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఒక్కతే. ఆ ఒక్కతినీ తనే పోగొట్టుకుంది. ఒక గిన్నె కోసం! తనని తాను ఛీకొట్టుకుంది, ఏడ్చింది, లేచి ముఖం కడుక్కుంది. అయినా గిన్నె మాత్రం ఫ్రిజ్ మీదే ఉంది.

డిసెంబర్ ఆఖరులో మంచుతుఫాను వచ్చింది. రాధాకృష్ణ హాస్పిటల్‌లో చిక్కుపడిపోయాడు. సాయంత్రానికి కరెంటు పోయింది, ఫోన్ పోయింది. ఆ ఇంట్లో పొయ్యీ కరెంటుదే, హీటరూ కరెంటుదే. ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని ఎలాగో తెల్లవార్చింది. పొద్దున్న లేచేసరికి కుళాయిలో నీళ్ళు గడ్డకట్టాయి, నోట్లోంచి పొగలొస్తున్నాయి, వేళ్ళు ముడుచుకోవడం లేదు. బయట మంచు పడటం ఆగింది కానీ గాలి ఆగలేదు. రోడ్డేదో పొలమేదో తెలియడం లేదు. కంచె గుంజలు మాత్రం నడుముదాకా మంచులో కూరుకుని వరసగా కనిపిస్తున్నాయి. వాటి చివర, వెర్నా ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

వెళ్ళాలి. వెళ్ళకపోతే బతకడం కష్టమని ప్రసూనకీ తెలుసు. కోటు వేసుకుంది, రాధాకృష్ణ బూట్లు వేసుకుంది, తలుపు దాకా వచ్చింది. వచ్చి, వెనక్కి తిరిగి ఫ్రిజ్ వైపు చూసింది.

ప్రాణం మీదికొచ్చిందిరా దేవుడా అంటే, దీనికి గిన్నె గోల! కానీ ప్రసూనకి మాత్రం, ఆవిడ ఎదుటికి ఉత్త చేతులతో పోవడమంటే చలికంటే కష్టంగా తోచింది. డబ్బాలో ఉన్న చక్కెరంతా గిన్నెలోకి వంపింది. ఫాయిల్ కప్పింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఎర్రటి కలంకారీ దుప్పటిలో మూటగట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకి ఆనించుకుని, ఇంకో చేత్తో కంచె గుంజలు పట్టుకుంటూ బయల్దేరింది.

సగం దూరం నడిచింది. గాలి పక్కనుంచి తోస్తోంది. ఒక గుంజకీ ఇంకో గుంజకీ మధ్య మంచు మెత్తగా ఉన్నచోట కాలు తొడదాకా దిగబడి బోర్లా పడింది. మూట విడిపోయింది. ఫాయిల్ ఎగిరిపోయింది. లేచి గిన్నె అందుకునేసరికి చక్కెర మంచులో కలిసిపోయింది, ఏది చక్కెరో ఏది మంచో తెలియకుండా. పిచ్చిది చేతులతో ఎత్తి గిన్నెలో పోసుకోబోయింది కూడా. అంతా మంచే కదా. ఆ మంచులో కూర్చుని, అమ్మా అని గట్టిగా ఏడ్చింది. వినేవాళ్ళెవరూ లేరు కాబట్టి సిగ్గులేకుండా ఏడ్చింది.

ఆ తర్వాత ఏం చేసిందో తెలుసా? వెనక్కి తిరిగింది. అవునండీ, ఆ గడ్డకట్టిన ఇంటివైపే! ఖాళీ గిన్నె పట్టుకుని ఆవిడ గుమ్మం ఎక్కలేక, వచ్చిన గుంజలే పట్టుకుంటూ మళ్ళీ వెనక్కి నడవసాగింది.

"ఆగు! ఏయ్ పిల్లా, ఆగు!"

వెర్నా కిటికీలోంచి చూస్తూనే ఉందట. తెల్లటి మంచులో ఎర్రటి మూట తమ ఇంటివైపు వస్తోంది. పడింది, లేచింది. తిరిగి వెనక్కి పోతోంది. ఆ వయసులో ఆవిడ బూట్లు తొడుక్కుని, కంచె పట్టుకుని, తిట్టుకుంటూ నడిచి వచ్చింది. ప్రసూన ఆగింది. పళ్ళు టకటకలాడుతుంటే, రెండు చేతులా గిన్నె ముందుకు చాపింది.

"సారీ," అంది. "ఖాళీ. సారీ."

వెర్నా గిన్నె అందుకుని, అందులోని మంచు దులిపింది. "ఖాళీగా కాక ఎలా తెస్తావు?" అంది. తర్వాత ప్రసూన చెయ్యి తన కోటు జేబులోకి లాక్కుని, ఇంటిదాకా వదల్లేదు.

వంటింట్లో ఇనప పొయ్యి భగభగా మండుతోంది. ప్రసూన కాళ్ళకి తువ్వాలు చుట్టి, పాలు లేని నల్లటి కాఫీ చేతికిచ్చి, వెర్నా ఎదురుగా కూర్చుంది. "నేనంటే నీకు పడలేదనుకున్నాను," అంది.

ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో, ఎక్కడినుంచి వచ్చిందో, ప్రసూన మొత్తం చెప్పేసింది. అవ్వ సంగతి, పొంగలి సంగతి, చింతపండు, మైసూర్‌పాక్, బ్రెడ్ల అర, అన్నీ. వెర్నా నోరు తెరుచుకుని విన్నది. విని, బల్ల మీద అరచేత్తో చరిచి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాత తన నానమ్మ సంగతి చెప్పింది. పెళ్ళయిన కొత్తలో తూర్పునుంచి గుర్రబ్బండిలో ఈ గడ్డిలోకి వచ్చిందట. చెట్టు లేదు, రాయి లేదు. అందుకని గడ్డివేళ్ళతో సహా మట్టిని పెళ్ళలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఇల్లు కట్టుకున్నారు. వాన వస్తే మంచం మీద బురద కారేదట. కట్టెలు లేక ఏం కాల్చేవారో చెప్పడానికి వెర్నా కాస్త మొహమాటపడింది. "ఎండిన ఆవు పేడ," అంది గొంతు తగ్గించి.

"పిడకలా!" అని అరిచింది ప్రసూన. "మా అవ్వ కూడా! గోడకి కొట్టేది!" ఆవు పేడ మాట మీద ఇంత సంతోషపడిన మనిషిని వెర్నా అంతకుముందు చూసి ఉండదు.

"మా నానమ్మకి పొరుగిల్లంటే గంటల నడక," అంది వెర్నా. "గాలి వినీ వినీ మతి పోయినవాళ్ళున్నారు ఆ రోజుల్లో. అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. వంట పట్టుకెళ్ళి గిన్నె అక్కడే వదిలేసేది. ఆ గిన్నె ఇవ్వడానికి వాళ్ళు రావాలి కదా. అది నిండుగా తిరిగొస్తే లెక్క సరిపోయినట్టు, ఇక ఎవరింట్లో వాళ్ళు. ఖాళీగా వస్తే, మళ్ళీ నింపడానికి నాకు, మళ్ళీ తేవడానికి నీకు, ఒక వంక ఉన్నట్టు. మా ఇంట్లో ఇప్పటికీ అంతే." ఆగి, "నా భర్త పోయాక ఆ గిన్నె తీసింది నీకోసమే. మాకు పిల్లల్లేరు. రోజూ కిటికీలోంచి చూసేదాన్ని, తెస్తావేమోనని," అంది.

ఆ గాలిలో తనొక్కతే కిటికీ దగ్గర కూర్చుందనుకుంది ప్రసూన ఇన్నాళ్ళూ. ఎదురింటి కిటికీ దగ్గర ఇంకొకరు కూర్చున్నారని తట్టనే లేదు. లేచి వెళ్ళి వెర్నా భుజం మీద తల పెట్టుకుంది.

ఆ తర్వాత రెండేళ్ళూ గిన్నె కంచె వెంబడి తిరుగుతూనే ఉంది. నిండుగా వచ్చేది, ఖాళీగా వెళ్ళేది. ప్రసూన చేసిన పప్పూ చారూ మాత్రం వేరే గిన్నెల్లో వెళ్ళేవి. వెర్నాకి మిరియాల చారు ప్రాణమైంది, జలుబు చేస్తే ఫోన్ చేసి మరీ అడిగేది. ఎక్కడా గుద్దుకోవడానికి ఏమీ లేదు కదా అని గడ్డిలోనే ప్రసూనకి ట్రక్ నడపడం నేర్పింది. రోడ్డెక్కాక ఎదురొచ్చే బండికి ప్రసూన కూడా స్టీరింగ్ మీంచి ఒక్క వేలు ఎత్తేది. ఒంటరితనం పోయిందని అంటే అబద్ధం. గాలి అలాగే ఉండేది, పగలు అంతే పొడుగు. కాకపోతే కిటికీలోంచి చూస్తే అటువైపు కూడా ఒక మనిషి ఉందని తెలుసు. అది చాలా పెద్ద సంగతి.

2009 మార్చిలో మూడేళ్ళూ పూర్తయ్యాయి. దక్షిణాన, కారులో ఒక పగటి ప్రయాణం దూరంలో ఉన్న ఫ్రిస్కోలో రాధాకృష్ణకి ఉద్యోగం వచ్చింది. బయల్దేరే రోజుకి గిన్నె ప్రసూన దగ్గరుంది.

"అది ఇచ్చేసి త్వరగా రా, సామాను ట్రక్ వాళ్ళు వెయిటింగ్," అన్నాడు రాధాకృష్ణ.

ఇచ్చేయడం అంత తేలికా? ఖాళీగా ఇస్తే మళ్ళీ వస్తానని చెప్పినట్టు. వస్తుందా? ఎక్కడ ఫ్రిస్కో, ఎక్కడ ఈ గడ్డి? ముసలావిడకి అబద్ధం చెప్పడానికి ప్రసూనకి మనసొప్పలేదు. పొద్దున్నే లేచి, నెయ్యీ జీడిపప్పూ దట్టించి చక్కెర పొంగలి చేసి, గిన్నె నిండా పెట్టి తీసుకెళ్ళింది.

వెర్నా తలుపు తీసి గిన్నె వైపు చూసింది. ముఖం చిన్నబోయింది. "ఓ," అంది, అంతే. లోపలికి తీసుకెళ్ళి, పొంగలి మొత్తం వేరే పళ్ళెంలోకి తీసింది. సింక్ దగ్గర నిలబడి గిన్నె తోమింది, కడిగింది, బట్టతో అడుగుదాకా తుడిచింది. వెనక్కి వచ్చి ప్రసూన చేతుల్లో పెట్టింది.

"తీసుకెళ్ళు," అంది. "ఎప్పుడు వీలైతే అప్పుడు తెచ్చివ్వు. తొందరేం లేదు."

ఫ్రిస్కోలోనూ గడ్డే. కానీ అంగుళం పెరగనివ్వని గడ్డి. ఊరు ఉత్తరం వైపుకి జరుగుతూ పోతోంది. నిన్న ఖాళీగా ఉన్న నేలలో ఇవాళ ఒకేలాంటి ఇటుక ఇళ్ళు. ప్రసూన వాళ్ళ వీధిలో పేర్లు చదివితే పెళ్ళి పత్రిక చదివినట్టు ఉంటుంది, అందరూ తెలుగువాళ్ళే. శనివారం పార్టీ, ఆదివారం గుడి. రేణు ఇల్లు రెండు వీధుల అవతలే. కానీ గరాజు తలుపు లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు పడుతుంది. మధ్యలో మనిషి కనిపించడు. కరివేపాకు కావాలని రేణు తలుపు కొట్టిందొకసారి. "ఒక మెసేజ్ పెట్టకపోయినవా, ఇల్లంతా ఆగమాగం ఉంది" అని రేణు కంగారుపడింది. ప్రసూన ఇంకెప్పుడూ కొట్టలేదు.

గాజుగిన్నె కొత్త ఫ్రిజ్ మీద కూర్చుంది. వర్క్ పర్మిట్ వచ్చింది, డేకేర్‌లో ఉద్యోగం వచ్చింది, ఇల్లు కొన్నారు. ఈ వేసవికి వెళ్దాం, కాదు వచ్చే వేసవికి. వెర్నాకి ఫోన్‌లో సరిగా వినబడదు. "గాలి ఎలా ఉంది?" అని ఇది అడిగేది. "ఉంది" అని ఆవిడ అనేది. అంతే మాటలు.

2012 వసంతంలో పక్కింట్లోకి దేదీప్య అనే కొత్త పెళ్ళికూతురు వచ్చింది. మొగుడు ఆఫీసుకి పోయాక ఆ పిల్ల పైన కిటికీలోంచి వీధిలోకి చూస్తూ నిలబడటం ప్రసూన కంటబడింది. ఆ రోజే ఆపిల్స్ తరిగి, వెన్నా పంచదారా వేసి, వెర్నా గిన్నెలోనే కాల్చి తీసుకెళ్ళింది.

"గిన్నె ఎప్పుడన్నా తెచ్చి ఇద్దువులేమ్మా. తొందరేం లేదు," అంది. ఆ పిల్ల వస్తే ఏం మాట్లాడాలో, కాఫీ ఏ కప్పులో ఇవ్వాలో కూడా అనుకుంది.

మర్నాడు సాయంత్రమే గంట మోగింది. గుమ్మంలో దేదీప్య. చేతిలో గిన్నె. గిన్నె నిండా షాపులో కొన్న కాజూకత్లీ, పొందిగ్గా పేర్చి.

"సూపర్ ఉండె ఆంటీ! ఖాళీ గిన్నె రిటర్న్ చేయొద్దని మమ్మీ చెప్పింది," అంది నవ్వుతూ.

"లోపలికి రామ్మా, కాఫీ తాగి పోదువు."

"లేదాంటీ, కార్ ఆన్‌లనే ఉంది, ఆయన వెయిట్ చేస్తుండు. బై ఆంటీ!"

ప్రసూన గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆ పిల్లని ఏమంటుంది? ఎంత చక్కగా పెంచారో తల్లీదండ్రీ, మర్యాద తప్పకుండా. తన అవ్వ పెంచినట్టే. అయినా ఆ నిండు గిన్నె చేతిలో మోయలేనంత బరువుగా అనిపించింది. ఆ రోజు తన పొంగలి చూసి వెర్నా ముఖం ఎందుకలా అయిందో తనకి తెలుసనుకుంది ఇన్నాళ్ళూ. తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

కాజూకత్లీ పళ్ళెంలోకి తీసేసి గిన్నె తోమింది. శుక్రవారం సెలవు పెట్టింది.

"అంత దూరం ఒక్కదానివే డ్రైవ్ చేస్తావా? గిన్నేగా, కొరియర్ చేసేయొచ్చుగా!" అన్నాడు రాధాకృష్ణ.

"గిన్నె ఒక్కటే పోతే ఏం లాభమండీ?" అంది.

ఆయన టైర్లలో గాలి చూసి, మంచినీళ్ళ సీసాలు కార్లో పెట్టాడు.

గిన్నెని పక్క సీట్లో పెట్టి బెల్టు కట్టింది. ఊళ్ళు పల్చబడ్డాయి, చెట్లు పొట్టివై, అవీ లేకుండా పోయాయి. మధ్యాహ్నం దాటాక కారుని పక్కనుంచి గాలి తోయడం మొదలుపెట్టింది. ఎదురుగా వచ్చిన ట్రక్ వాడు ఒక్క వేలు ఎత్తాడు. ప్రసూన కూడా ఎత్తింది, ఎత్తి ఒక్కతే ఏడుస్తూ నడిపింది. అప్పటిదాకా లేని భయం కూడా పట్టుకుంది, వెళ్ళేసరికి ఆవిడ ఉంటుందో లేదోనని. పోయిన నెల తను ఫోన్ చేయలేదు. ఊరు చివరికి చేరి చూస్తే తమ పాత ఇంట్లో ఎవరూ లేరు, కిటికీలకి చెక్కలు కొట్టారు. కంచె పక్కనుంచి బండి పోనిచ్చింది.

తలుపు కొడితే చాలాసేపు పట్టింది తీయడానికి. వెర్నా సగమైపోయింది. చేతికర్ర పట్టుకుని, కళ్ళు చికిలించి, ఎవరో పోల్చుకోలేక గుమ్మంలో నిలబడింది. ప్రసూన పేరు చెప్పలేదు. గిన్నె చేతికందించింది.

వెర్నా కర్రని తలుపుకి ఆనించి, గిన్నె బోర్లించి, అడుగున టేపుని బొటనవేలితో తడిమింది. తిప్పి, లోపల చెయ్యిపెట్టి అడుగంతా రాసి చూసింది. ఏమీ లేదు. శుభ్రంగా, పొడిగా, ఖాళీగా ఉంది.

"తొందరేం లేదన్నారు కదా," అంది ప్రసూన.

"మాటవరసకి అన్నాను, పిల్లా," అంది వెర్నా. "రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."